అడగని వాళ్లను వెతుక్కుంటూ వెళ్లిన లెక్క

చెన్నై నుంచి నెల్లూరు వెళ్లే హైవే మీద ఆరంబాకం దాటి మన రాష్ట్రంలోకి వస్తే తడ. అక్కడ ఎడమకు తిరిగితే శ్రీ సిటీ. ఇసుజు బండ్లు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు, క్యాడ్‌బరీ చాక్లెట్లు తయారయ్యే చోటు. షిఫ్టు మారే వేళ సత్యవేడు, వరదయ్యపాలెం, సూళ్లూరుపేట వైపు కంపెనీ బస్సులు వరసకట్టి కదులుతాయి. ఆ ఫ్యాక్టరీల నడుమే క్రియా విశ్వవిద్యాలయం ఉంది. "ఇంత మంది ఆర్థికవేత్తలు ఈ పొలాల మధ్య కూర్చుని ఏం చేస్తారు సార్?" అని ఒకసారి ఆటోలో నా పక్కనున్నాయన అడిగాడు. దిగేలోపు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఈ సంస్థ ఇక్కడికెలా వచ్చింది?

1970లో చెన్నైలో ఐఎఫ్ఎంఆర్ అనే సంస్థ మొదలైంది. ఆర్థిక నిర్వహణ చదువులు, పరిశోధనలు దాని పని. తర్వాత అది శ్రీ సిటీకి తరలింది. 2018లో మొదలైన క్రియాలో కలిసింది. ఇక జె-పాల్ అనేది పేదరికం మీద ఊళ్లలో తిరిగి పరిశోధన చేసే కేంద్రం. 2003లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. దాని దక్షిణాసియా విభాగానికి 2007 నుంచి ఐఎఫ్ఎంఆరే నీడనిచ్చింది. జె-పాల్ స్థాపకుల్లో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌తో కలిసి 2019లో నోబెల్ అందుకున్నారు. బోగీ తయారైతే పట్టాల మీద కనిపిస్తుంది. వీళ్ల పని పింఛను తీసుకునే అవ్వ చేతిలో ఎక్కడో ఉంటుంది, అందుకే ఆటోలో చెప్పడం కష్టమైంది.

ఒక పథకం పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఇంత శాస్త్రం కావాలా?

కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వల్లే రాలిందా? మన పెద్దలు దీనికి కాకతాళీయమని పేరు పెట్టి ఊరుకున్నారు. ప్రభుత్వాలు మాత్రం ఊరుకోవు, పండు రాలిన ప్రతిసారీ తమ కాకినే చూపిస్తాయి. ఒక మండలంలో కొత్త పథకం వచ్చింది, మరుసటి ఏడు కూలీల రాబడి పెరిగింది. ఆ ఏడు వాన బాగా పడిందేమో. చురుకైన ఎంపీడీవో వచ్చాడేమో. పథకం రాకపోయి ఉంటే అదే మండలం, అదే ఏడు ఎలా ఉండేదో చూడగలిగితే చిక్కు తీరుతుంది. ఒకే మండలం ఒకే ఏడాదిని రెండుసార్లు బతకదు కదా.

మరి ఏం చేస్తారు?

రైతుకు తెలిసిన పనే. తిరుపతిలో ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది. నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలు అక్కడివే. కొత్త రకాన్ని తేల్చుకోవాలంటే చేనును చిన్న మడులుగా కోసి, ఏ మడిలో కొత్త విత్తు, ఏ మడిలో పాత విత్తు అన్నది చీటీ వేసి తేలుస్తారు. మనిషి ఎంచితే తెలియకుండానే మంచి నేలను కొత్త విత్తుకు ఇచ్చేస్తాడు. చీటీకి ఆ పక్షపాతం ఉండదు. ఇంగ్లండులో ఫిషర్ అనే గణాంకవేత్త 1920ల్లో ఈ పద్ధతికి లెక్కల పునాది వేశాడు. ఆర్థికవేత్తలు మడి బదులు బడిని, ఊరిని, మండలాన్ని తీసుకున్నారు. చీటీ వేసి రెండు గుంపులు చేస్తే వానలు, కులాలు, నాయకులు, అధికారుల చురుకు సగటున రెండు వైపులా సమానంగా పడతాయి. తర్వాత కనిపించే తేడా పథకానిదే.

మన దగ్గర ఇలా ఎక్కడైనా చేశారా?

చేశారు. పెద్ద ఎత్తున చేశారు. ఈ కథ దగ్గర కొంచెం ఆగుతాను.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. రాయలసీమలో చాలా ఊళ్లలో దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. పని దొరికేది, కూలి మాత్రం పోస్టాఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకోవాలి. ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చిన రోజున పోస్టుమాస్టరు ఉంటాడో లేదో తెలియదు. మస్టరులో పేరున్న మనిషి నిజంగా పని చేశాడో, అసలు ఆ ఊళ్లో ఉన్నాడో అది అంతకన్నా తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనికి స్మార్ట్‌కార్డు తెచ్చింది. కూలీకి, పింఛనుదారుకు వేలిముద్ర ఎక్కించిన కార్డు ఇస్తారు. బ్యాంకు తరఫున ఒకరు, ఎక్కువగా పొదుపు సంఘాల్లోని ఆడమనిషి, చిన్న మెషీన్ పట్టుకుని ఊళ్లోనే డబ్బు పంచుతుంది.

2010లో 8 జిల్లాల్లో ఈ కార్డుల పథకాన్ని కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. వాటిలో మా పక్క కడప, కర్నూలు, అనంతపురం, నెల్లూరు ఉన్నాయి. తడ, సూళ్లూరుపేట అప్పట్లో నెల్లూరు జిల్లావే. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు జె-పాల్ ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో మాట్లాడి ఒక్క విషయానికి ఒప్పించారు: ఏ మండలానికి ముందు, ఏ మండలానికి వెనుక అన్నది చీటీతో తేలాలి. 157 మండలాలు, సుమారు 1 కోటి 90 లక్షల జనాభా. రెండేళ్ల తర్వాత, 2012లో, సర్వే వాళ్లు 880 ఊళ్లలో ఇళ్లకు వెళ్లారు. ఏ ఇంటికి వెళ్లాలన్నదీ చీటీయే. సర్పంచి చూపించిన ఇల్లు కాదు, కచేరీకి వచ్చి అర్జీ పెట్టిన ఇల్లు కాదు.

దొంగ లెక్క ఎలా దొరుకుతుంది? రికార్డులో ఫలానా వారం ఫలానా జాబు కార్డు మీద ఇంత చెల్లించామని ఉంటుంది. అదే ఇంటికి వెళ్లి "ఆ వారం ఎన్ని రోజులు పోయినావమ్మా, చేతికెంత వచ్చింది?" అని అడుగుతారు. రెండు అంకెల మధ్య సందే మధ్యలో మాయమైన సొమ్ము.

ఏం తేలింది?

కార్డు వచ్చిన మండలాల్లో కూలి డబ్బు త్వరగా అందింది, ఆలస్యం 29 శాతం దాకా తగ్గింది. తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ సుమారు 22 నిమిషాలు కలిసొచ్చింది. వినడానికి చిన్న అంకె. కానీ ఆ 22 నిమిషాలు కూలికి పోగలిగే మనిషివి. అందరివీ కూడితే వచ్చే విలువ ఒక్కటే కార్డుల ఖర్చుకు సరిపోయింది. పథకం నుంచి ఇంటికొచ్చిన కూలి 24 శాతం పెరిగింది. ప్రభుత్వం ఖర్చు మాత్రం పెరగలేదు. అంటే దారిలో కారిపోయేది ఇంటికి చేరింది. కారుబాటు 41 శాతం దాకా తగ్గిందని వాళ్ల లెక్క. అప్పటికి చెల్లింపుల్లో సగం మాత్రమే కార్డుల మీదికి మారాయి. సగం పనికే ఈ ఫలం.

నాకు ఈ అంకెల కన్నా వాటి వెనక జరిగిన మరో సంగతే పెద్దదిగా తోస్తుంది. ఒక దశలో ప్రభుత్వం ఈ కార్డులను ఎత్తేద్దామనుకుంది. పైవాళ్ల చెవిన పడుతున్నవన్నీ ఫిర్యాదులే: మెషీన్ పనిచేయడం లేదు, వేలిముద్ర పడటం లేదు, జనం తిడుతున్నారు. ఫిర్యాదు చేస్తున్నదెవరు? చాలావరకు పాత పద్ధతిలో చేయి తడుపుకున్న కింది వరస వాళ్లు. డబ్బు ఊళ్లోనే చేతికొచ్చిన అవ్వ కలెక్టరాఫీసుకు వెళ్లి "బాగుంది నాయనా" అని అర్జీ పెట్టదు. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. నోరున్నవాడికే గంట మోగుతుంది. ఆ స్థితిలో చీటీతో ఎంచిన ఇళ్ల సర్వే బల్ల మీదికి వచ్చింది: కార్డు చూసిన లబ్ధిదారుల్లో 90 శాతానికి పైగా పాత పద్ధతికన్నా ఇదే మేలన్నారు. కార్డులు ఆగకుండా నిలవడంలో ఆ అంకెకూ పాత్ర ఉంది.

చీటీ ఇక్కడ రెండు పనులు చేసింది. కాకిని, పండును విడదీసింది. ఎవరూ పిలవని గుమ్మం ముందు ఒక మనిషిని నిలబెట్టింది. మొదటిదాని గురించి నోబెల్ వేళ చాలామంది రాశారు, రెండోదాని గురించి తక్కువ.

కొన్ని మండలాలకు ఇచ్చి కొన్నింటిని ఎండబెట్టడం అన్యాయం కాదా?

న్యాయమైన అనుమానమే. అయితే రాష్ట్రమంతటికీ ఒక్క రోజున కార్డులిచ్చే శక్తి ఏ బ్యాంకుకూ లేదు. ఎవరో ముందు, ఎవరో వెనుక అన్నది ఎలాగూ తప్పదు. మామూలుగా ఆ వరస ఎమ్మెల్యే పలుకుబడిని బట్టి కుదురుతుంది. ఇక్కడ చీటీని బట్టి కుదిరింది. వెనక పడ్డ మండలాలకూ తర్వాత కార్డులు వచ్చాయి. మేలు చేస్తుందని ఇప్పటికే గట్టిగా తెలిసినదాన్ని పరీక్ష కోసం ఆపితే మాత్రం అది తప్పే.

బడుల సంగతి?

అదే కార్తీక్ మురళీధరన్, ప్రపంచ బ్యాంకులోని వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి అంతకుముందే, 2005 నుంచి, ఉమ్మడి రాష్ట్రంలోని 5 జిల్లాల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ప్రయోగాలు చేశాడు. పిల్లల చదువు మెరుగైతే అయ్యవార్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో ముందుకు వెళ్లారు. విచిత్రమేమంటే అయ్యవార్ల హాజరు పెరగలేదు. వచ్చిన రోజున ఎక్కువ చెప్పారు, ఇంటిపని ఇచ్చారు, అదనపు తరగతులు పెట్టారు.

నాకు నచ్చింది మరో ప్రయోగం. కొన్ని బడులకు పిల్లల నోటు పుస్తకాలు, సామగ్రి కోసం డబ్బిచ్చారు. మొదటి ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడు అదే డబ్బు, అవే బడులు, మార్కుల్లో కదలిక లేదు. ఎందుకు? మొదటి ఏడు ఆ డబ్బు చెప్పకుండా వచ్చింది. రెండో ఏడు అమ్మానాన్నలకు ముందే తెలుసు, బడిలో ఇస్తారు కదా అని తాము కొనడం తగ్గించారు. మిగిలిన రూపాయి ఇంట్లో మరో అవసరానికి వెళ్లింది. ఇందులో తప్పేమీ లేదు, ఏ ఇల్లాలైనా చేసే పనే. "నిధులిచ్చాం, ఫలితం లేదు" అని తిట్టుకునే అధికారికి మాత్రం ఆ ఇల్లాలి లెక్క పట్టదు.

అన్నీ ఇలా మేలే చేశాయా?

లేదు. హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుని, వాటిలో సగం చోట్ల స్పందన సంస్థ చిన్న అప్పుల శాఖలు తెరిచింది. సూక్ష్మ రుణం పేదరికాన్ని తుడిచేస్తుందన్న నమ్మకం ఊపు మీదున్న 2006-07 నాటి మాట. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు కొంత పెంచుకున్నారు, ఇంటికి వస్తువులు కొన్నారు, టీ పొగాకుల ఖర్చు తగ్గించారు. ఇంటి మొత్తం ఖర్చులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. అద్భుతమూ లేదు, సర్వనాశనమూ లేదు. 2010 అక్టోబరులో సూక్ష్మ రుణ సంస్థల మీద ఆర్డినెన్సు వచ్చిన వేడిలో ఈ చప్పటి నిజం ఎవరికీ రుచించలేదు.

ఒక చోట తేలింది మరో చోట పనికొస్తుందా?

ఆంగస్ డీటన్, జాన్ డ్రేజ్ వంటి ఆర్థికవేత్తలు ఎప్పటినుంచో అడిగే ప్రశ్న ఇది. దీనికి వేలిముద్రే మంచి ఉదాహరణ. స్మార్ట్‌కార్డులను పరిశీలించిన ఆ ముగ్గురే తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్రను పరీక్షించారు. అక్కడ దానివల్ల కారుబాటు తగ్గలేదు, జనానికి తిరుగుడు పెరిగింది, ఆధార్ కలపని ఇళ్లకు అందే సరుకు సగటున పదో వంతు తగ్గింది. యంత్రం ఒకటే. తేడా చిన్న నిబంధనలో ఉంది. మన దగ్గర కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో డబ్బు ఇస్తూనే వచ్చారు. అక్కడ వేలు పడకపోతే బియ్యం లేదు. "వేలిముద్ర మంచిదా చెడ్డదా?" అని అడిగితే ఏ ఆర్థికవేత్తా జవాబు చెప్పలేడు. వేలు పడని ముసలమ్మను ఏం చేస్తారని అడగాలి.

మరి ఇదంతా చేయాలంటే కోట్లు, ఏళ్లు కావాలా?

ఎప్పుడూ అక్కర్లేదు. 2018లో తెలంగాణ రైతుబంధు చెక్కులు 57 లక్షల మంది రైతులకు పంచాల్సి వచ్చింది. చీటీ వేసి తీసిన కొన్ని మండలాల్లో అధికారులకు ఒక్క మాట ముందే చెప్పారు: మీ రైతులకు ఫోన్ చేసి, చెక్కు అందిందా, ఎప్పుడు అందిందని అడుగుతాం. అంతే. జరిమానా లేదు, బోనస్ లేదు. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 4 పైసల లోపు. ఆ మండలాల్లో ఎక్కడో పొలం గట్టున ఒక రైతు జేబులో ఫోన్ మోగి ఉంటుంది. తెలియని నంబరు. "చెక్కు అందిందా అన్నా?" అని అవతలి గొంతు.