పొట్టి జీపునకు కాలమున్నదా?

తెలుగుదేశమున ఒక తరమువారికి జీపు అనగా ప్రభుత్వమే. తహశీలుదారు జమాబందికి వచ్చినను, పోలీసు ఇనస్పెక్టరు దర్యాప్తునకు వచ్చినను, అడవిశాఖవారు దొంగకలపను వెదకుచు వచ్చినను, ఎన్నికలనాడు అభ్యర్థి మైకు కట్టించుకొని వీథివీథి తిరిగినను, ఊరి పొలిమేరలో ముందుగా రేగెడిది ఆ పొట్టిబండి ధూళియే. పైన కాన్వాసు టాపు, ఇరుప్రక్కల ఒక్కొక్క తలుపు, కొన్నింటి కాపాటి తలుపును లేదు. వెనుక ఎదురెదురుగా రెండు బల్లలు, ముందు చక్రములను గూడ నడిపించుట కొక ఇనుపమీట: ఇంతమాత్రమే దాని సర్వస్వము. అట్టి వాహనజాతి ఎనిమిది దశాబ్దములు లోకమంతట గుట్టలెక్కి, ఏరులు దాటి, యుద్ధములు చేసి, నేడు తన మనుగడయే సందేహాస్పదమైన స్థితికి వచ్చినది. నాలుగు తలుపుల జీపులకు నానాటికి గిరాకి హెచ్చుచుండగా, రెండు తలుపులవి ఒక్కొక్క దేశమున ఒక్కొక్కటిగా విపణినుండి నిష్క్రమించుచున్నవి. ఇది కాలధర్మమా, లేక ఆ బండికి మాత్రమే సాధ్యమైన పని యేదైన ఇంకను మిగిలియున్నదా యని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ బండి పొట్టిదనము ఎవరో ముచ్చటపడి కల్పించినది కాదు. 1940వ సంవత్సరమున, ఐరోపాఖండము యుద్ధాగ్నిలో దహింపబడుచుండగా, అమెరికా సైన్యము బురదయందును ఇసుకయందును చిక్కుపడక సాగిపోగల తేలికబండి యొకటి కావలెనని వాహననిర్మాతలను కోరెను. పెన్సిల్వేనియా రాష్ట్రములోని బట్లర్ పట్టణమందలి బాంటం అను చిన్నసంస్థ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరుచేత పటములు గీయించి, ఆ యేడు సెప్టెంబరు నెలలో తొలినమూనాను సైన్యమున కప్పగించెను. అంతటి చిన్నసంస్థ అంత పెద్ద ఉత్పత్తిని మోయజాలదను తలంపుతో సైన్యము విల్లీస్, ఫోర్డు సంస్థలకు పని నొప్పగింపగా, యుద్ధము ముగియునప్పటికి ఆ రెండును గలిసి ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించినవి. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడిమి దూరము, అనగా వాహనశాస్త్రజ్ఞులు వీల్‌బేసు అనునది, ఆ జీపునకు 80 అంగుళములు. 1948లో ఇంగ్లండున వెలువడిన లాండ్‌రోవరు, తన తొలినమూనా జీపు చట్రముపైననే కట్టబడిన దగుటచే, ఆ 80 అంగుళముల కొలతనే స్వీకరించెను. మన దేశమున, స్వాతంత్ర్యము వచ్చిన కాలముననే, మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట కారంభించెను. 1951లో జపానున టయోటా సంస్థ తన లాండ్‌క్రూయిజరునకు మూలమైన బండిని కట్టెను. ఇట్లు పదునొకండేండ్లలో నాలుగు దేశములలో వేళ్లూనిన వాహనవంశమునకు పొట్టిదనము కులలక్షణ మయ్యెను.

ఆ లక్షణమువలన కలుగు లాభమును గ్రహించుటకు గణితపాండిత్య మక్కరలేదు. ఎత్తైన పొలముగట్టునకు అడ్డముగా బండి దాటవలసి వచ్చినదనుకొందము. ముందు చక్రములు గట్టెక్కి ఆవలికి దిగునప్పటికి వెనుక చక్రములు ఈవలనే యుండును. గట్టు శిఖరము బండి నడికడుపున తగులును. ఇరుసుల నడిమి దూర మెంత హెచ్చైన నంత త్వరగా కడుపు గట్టుపై నానుకొని, చక్రములు నేల వదలి గాలిలో తిరుగును. సుజుకీ సంస్థవారి జిమ్నీ బండి రెండు రూపములలోను లభించుటచే దీనికి చక్కని నిదర్శనము. దాని రెండు తలుపుల రూపమునకు ఇరుసుల నడిమి దూరము 2,250 మిల్లీమీటర్లు. అది 28 డిగ్రీల మిట్టను కడుపు తగులకుండ దాటగలదు. నాలుగు తలుపుల రూపమున ఆ దూరము 2,590 మిల్లీమీటర్లు కాగా, దాటగల మిట్ట 24 డిగ్రీలకు తగ్గినది. మలుపు తిరుగుటకు మొదటిదానికి 4.9 మీటర్ల వ్యాసార్ధము చాలును, రెండవదానికి 5.7 మీటర్లు కావలెను. యంత్రమొకటియే, చట్రపు తీరొకటియే, చక్రము లవియే. రెండు తలుపులు చేర్చుటకై సాగదీసిన మూరెడు కంటె తక్కువ ఇనుమునకు చెల్లించిన మూల్య మిది. కనుక ఈ వివాదమున తలుపుల సంఖ్య బాహ్యచిహ్నము మాత్రమే. అసలు సంగతి ఇరుసుల నడిమి దూరము.

అయినచో ఇట్టి ప్రయోజనము గల బండిని లోకులేల విడుచుచున్నారు? పొలముగట్టు దాటు దినములు యజమాని జీవితమున బహుస్వల్పము. రాజమార్గమున పోవు దినములే అనేకము. ఇరుసులు దగ్గరగా నున్న బండి, వేగమున పోవునప్పుడు ప్రతి గతుకునకును ముందుకు వెనుకకు ఊగును; వెనుక కూర్చున్నవారి నడుములు ఆ సంగతిని గంటసేపటిలోనే గ్రహించును. ముందు సీటును మడిచి, వంగి, కాలు చాచి, వెనుకకు చేరుట పడుచువారికి వినోదమే కాని, మోకాళ్లనొప్పులు గల పెద్దమ్మకును, చీర కుచ్చెళ్లు సర్దుకొనుచు చంటిబిడ్డ నెత్తుకొన్న కోడలికిని అది వినోదము కాదు. అందరును ఎక్కిన తరువాత సామాను పెట్టుటకు చోటుండదు: పొట్టి జిమ్నీలో వెనుక సీటును మడువనిచో మిగులునది 85 లీటర్ల స్థలము మాత్రమే. బొర్రా గుహల చెంతనుండి కటికి జలపాతమునకు యాత్రికులను చేర్చు జీపులను చూచినను ఈ నీతియే తెలియును. ఆ త్రోవ ఎంత కఠినమైనను, యజమానికి ఆదాయము కూర్చున్న తలలనుబట్టి వచ్చును గాని దాటిన మిట్టలనుబట్టి రాదు.

విచిత్రమేమనగా, ఈ బండిని కన్న సైన్యములే దీనిని మొదట విడిచినవి. 1980 దశకమున అమెరికా సైన్యము జీపునకు మారుగా హంవీ యను వెడల్పాటి పెద్దబండిని స్వీకరించెను. మన సైన్యమునకు మారుతీ జిప్సీ మూడు దశాబ్దములకు పైగా సేవచేసినది. 1985లో వెలువడిన ఆ రెండు తలుపుల బండి పర్వతసీమలలో సైనికులను, నగరములలో మంత్రుల వెంట పోలీసులను, అభయారణ్యములలో పులిని చూడవచ్చిన యాత్రికులను మోసి, అలసట యెఱుగని దని పేరు గాంచెను. కాని దానికి మారుబండిని వెదకునప్పుడు మన సైన్యము 800 కిలోల బరువు మోయునది, గట్టి పైకప్పును శీతలయంత్రమును గలది కావలెనని నిర్ణయించి, టాటా సఫారీ స్టార్మ్ అను నాలుగు తలుపుల వాహనము నెన్నుకొనెను. 2017లో 3,192 బండ్లకు ఒడంబడిక కుదిరినది. రెండేండ్ల తరువాత, నూతన భద్రతానియమములును ఉద్గారనియమములును సమీపింప, జిప్సీ విక్రయము సామాన్యజనులకు నిలిచిపోయెను.

పౌరుల విపణియందును గాలి ఆ దిక్కుననే వీచినది. 1970లో రెండు తలుపులతో వచ్చిన రేంజ్‌రోవరు 1981లో నాలుగు తలుపులను ధరించెను. అమెరికా జీపు వంశమునకు ప్రధానవారసుడైన రాంగ్లర్ 2007 నమూనాతో తొలిసారి నాలుగు తలుపులతో కనిపించి, అనతికాలముననే ఆ రూపమునందే ఎక్కువగా అమ్ముడుపోజొచ్చెను. 1966 మొదలు 1996 వరకు రెండు తలుపులతో మాత్రమే జీవించిన ఫోర్డు బ్రాంకో, పాతికేండ్ల తరువాత 2021లో మరల అవతరించినప్పుడు తన వెంట నాలుగు తలుపుల సోదరుని తోడ్కొని వచ్చెను. ఐరోపాయందు కొనువారుండినను చట్టమే అడ్డుపడినది. అచ్చట ఒక సంస్థ అమ్ము కార్లన్నిటి సగటు బొగ్గుపులుసు వాయువు కిలోమీటరునకు 95 గ్రాములకు మించరాదను లక్ష్యము అమలులోనికి రాగా, ఆ సగటును చెడగొట్టు జిమ్నీని సుజుకీ 2020లో కార్ల పట్టికనుండి తొలగించి, వెనుక సీట్లు తీసివైచి, సరకుల బండిగా మరల ప్రవేశపెట్టవలసి వచ్చినది. నలుగురు కూర్చుండుటకు ఇరుకైన బండి యని పేరుపొందినది ఇద్దరు కూర్చుండు బండిగా మారి కొంతకాలము తలదాచుకొనెను.

ఇక భారతదేశపు వృత్తాంతము. 2020 అక్టోబరు 2వ తేదీన మహీంద్రావారు నూతన థార్‌ను విడుదల చేసిరి. ఇరుసుల నడుమ 2,450 మిల్లీమీటర్లు గల ఈ రెండు తలుపుల బండి, రైతుకంటెను అడవిశాఖకంటెను నగరయువకులను ఎక్కువగా నాకర్షించెను. జీవితమున ఒక్కమారైనను బురద చూడని థార్‌లు హైదరాబాదు వీథులలోను విశాఖ సముద్రతీరమునను కోకొల్లలు. 2024లో దానికి తమ్ముడుగా, 2,850 మిల్లీమీటర్ల ఇరుసుదూరముతో, నాలుగు తలుపుల థార్ రాక్స్ వచ్చెను. బుకింగులు తెరచిన మొదటి గంటలోనే 1,76,218 మంది పేర్లు నమోదు చేసుకొనిరని సంస్థ ప్రకటించెను. ఇది చూచి పొట్టిబండి పని ముగిసినదని పలువురు తీర్పు చెప్పిరి.

ఆ తీర్పు తొందరపాటుది. జిమ్నీ చరిత్ర దీనికి ప్రతివాదము చేయుచున్నది. మారుతీవారు 2023లో జిమ్నీని మన దేశమున నాలుగు తలుపుల రూపముననే విడుదల చేసిరి. పొట్టి రూపమును తేనేలేదు. నాలుగు తలుపులే విజయరహస్యమైనచో అది విరివిగా అమ్ముడుపోవలసినది. కాని ఇచ్చట అమ్ముడుపోయిన వాని కంటె, గురుగ్రామమున తయారై ఓడలెక్కి పోయినవే హెచ్చు. ఆ బండియే 2025 జనవరిలో నోమాడ్ అను పేర జపానునకు పోగా, నెలకు 1,200 బండ్లు అమ్ముదమని తలచిన సంస్థకు కొలది దినములలోనే దాదాపు 50,000 ఆర్డర్లు వచ్చి, క్రొత్త ఆర్డర్లను నిలుపవలసి వచ్చినది. ఇంతలో మన దేశమున రెండు తలుపుల థార్ నశింపలేదు సరికదా, 2025 అక్టోబరులో మెరుగులు దిద్దుకొని మరల విపణికి వచ్చెను. కొనువాడు తలుపులను లెక్కించి మాత్రమే బండి కొనడనుటకు ఇంతకంటె సాక్ష్య మేల?

థార్ నిలుచుటలో ప్రజల యభిరుచికి ఎంత భాగమున్నదో పన్నుల శాసనమునకును అంత భాగమున్నది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 ఘనసెంటీమీటర్లకు మించని పెట్రోలు యంత్రము గాని 1,500కు మించని డీజిలు యంత్రము గాని గల కారునకు 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. 18 శాతము, అంతకు మించినవానికి 40 శాతము. థార్ పొడవు 3,985 మిల్లీమీటర్లు. చిన్న డీజిలు యంత్రముతో అమ్మబడు థార్ ఈ తక్కువ పన్ను క్రిందకు వచ్చును. అయితే ఆ యంత్రము గల బండికి వెనుక చక్రములే నడచును. నాలుగు చక్రములు నడచు థార్‌కు పెద్ద యంత్రముండుటచే దానిపై పన్ను 40 శాతము. అనగా మన శాసనము పొట్టిజీపు ఆకారమును పోషించుచు, దాని ప్రాణమైన చతుశ్చక్రశక్తిని శిక్షించుచున్నది. జపాను శాసనము ఇంతకంటె వివేకవంతము: 3.4 మీటర్ల పొడవు, 660 ఘనసెంటీమీటర్ల యంత్రము మించని బండ్ల కచ్చట ప్రత్యేకమైన పన్ను రాయితీ గలదు. నాలుగు చక్రములు నడచు పొట్టిజిమ్నీ ఆ రాయితీ నీడలో 1970 నుండి నేటివరకు నిరాటంకముగా జీవించుచున్నది.

రానున్న కాలమున పొట్టిజీపునకు అసలు పరీక్ష విద్యుత్తు. విద్యుద్వాహనమున బ్యాటరీని ఇరుసుల నడుమ, నేలమట్టమున పరతురు. ఆ చోటు చిన్నదైనచో బ్యాటరీ చిన్నది, బ్యాటరీ చిన్నదైనచో ప్రయాణదూరము చిన్నది. మహీంద్రావారు 2023లో కేప్‌టౌను నగరమున చూపిన విద్యుత్ థార్ నమూనా నిడుపైనదిగా, నాలుగు తలుపులు గలదిగా ఉండుటకు ఇది యొక కారణమని భావించుట అసంగతము కాదు. కాని విద్యున్మోటారు మొదటి క్షణమునుండియే పూర్తిబలము నిచ్చునది. రాళ్లపై మెల్లగా ప్రాకవలసిన బండికి అంతకంటె తగిన యంత్రము లేదు. బ్యాటరీలు బరువు తగ్గి బలము పుంజుకొన్ననాడు నేటి శత్రువే రేపటి మిత్రము కావచ్చును.

ఈ విచారమంతయు సమీక్షించినచో తేలు నిర్ణయ మిది. రెండు తలుపుల జీపు ఇక ఇంటింటి బండి కానేరదు. ఏకాకిగా కర్మాగారమును పోషింపజాలదు. చట్రమును, యంత్రమును నాలుగు తలుపుల తోబుట్టువుతో పంచుకొని, దాని లాభముల నీడలో కొలదిమంది కొరకు తయారగుచు బ్రతుకును. తోబుట్టువు లేనిచోట నశించును. కొనదలచిన పాఠకులకు చెప్పదగిన మాట యొక్కటి గలదు. మీ త్రోవలో రాళ్లును మిట్టలును ఇరుకుమలుపులును నిజముగా నున్నచో, తలుపులను గాక, ఇరుసుల నడిమి దూరమును, నాలుగు చక్రములు నడచుటను, మందగతికి ప్రత్యేకమైన లో-గేరును విచారించి పొట్టిబండినే కొనుడు; మీ త్రోవ కాలేజీకిని కచేరీకిని పోవు తారురోడ్డే యైనచో, ఇంటిల్లిపాదియు సుఖముగా నెక్కిదిగు నాలుగు తలుపుల బండియే మీకు తగినది.