పెట్టెలో దిగిన ‘కిరణ్’

మొన్న దసరాకి మా అన్నయ్య హైదరాబాద్ నుంచి వస్తూ మా అమ్మాయికి ఓ అట్టపెట్టె తెచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్ల కదా, ఏ డ్రెస్సో అనుకున్నా. మూత తీస్తే మీగడరంగు ముక్కలు! పెట్టె మీద విమానం బొమ్మ, ‘హెచ్.జె.టి.-16 కిరణ్’ అన్న పేరు.

‘‘ఏంది బాబూ ఇది? ఆడపిల్లకి విమానాలెందుకు?’’ అంది మా అత్తమ్మ.

పైకి అనలేదుగానీ నా మనసులోనూ అదే మాట. ఎయిర్‌ఫోర్సులో చేరతానని ఏడాదిగా మా అమ్మాయి ఒకటే పాట. జూలూరుపాడు పత్తిచేల మధ్య పెరిగిన పిల్లకి అంత పెద్ద ఆశ ఏమిటని నా బెంగ. ఈ బొమ్మతో అది ఇంకాస్త ముదిరితే?

ఇంతకీ ఏమిటీ కిరణ్?

మన హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వాళ్లు తయారుచేసిన జెట్ శిక్షణ విమానం. 1964లో మొదటిసారి ఎగిరింది. నేర్పేవారూ, నేర్చుకునేవారూ పక్కపక్కనే కూర్చుంటారు, డ్రైవింగ్ స్కూలు కారులో మాదిరి. హైదరాబాద్ శివార్లలోని హకీంపేటలో దశాబ్దాలపాటు ఎందరో పైలట్లు దీనిమీదే జెట్ నడపడం నేర్చుకున్నారు. 1996లో మొదలైన ‘సూర్యకిరణ్’ బృందం 2011 దాకా ఆకాశంలో విన్యాసాలు చేసింది కూడా ఈ విమానాలతోనే.

స్కేలు పెట్టి కొలిచాం

ఈ కిట్ మామూలు ప్లాస్టిక్ కాదు, రెజిన్. రెండు ద్రవాలు కలిపి రబ్బరు అచ్చులో పోస్తే గట్టిపడుతుంది. ఇడ్లీరేకులో పిండి పోసినట్టే! చేత్తో కొద్దికొద్దిగా చేస్తారు కాబట్టి ధర ఎక్కువ. అన్నయ్య చెప్పిన ధర విని మా నెల సరుకులు గుర్తొచ్చాయి. అంత పోసినందుకు సరుకు ఎలా ఉందో చూడాలిగా!

అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకి 10.7 మీటర్లు. కిట్ అందులో 72వ వంతు. మా అమ్మాయి కాగితం మీద భాగించి, ‘‘14.86 సెంటీమీటర్లు రావాలమ్మా’’ అంది. ముక్కలు టేపుతో అతికించి కొలిస్తే 14.8 వచ్చింది. ‘‘పాస్!’’ అని గెంతింది.

అన్నీ పాస్ కాలేదు. ఓ రెక్క కాల్చిన అప్పడంలా వంగిపోయి ఉంది. వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక సరిచేసి, చన్నీళ్లలో పెడితే దారికొచ్చింది. తోక దగ్గర దోసె మీదిలా చిన్నచిన్న చిల్లులు. వాటిని పుట్టీతో పూడ్చాం. వాయుసేన గుర్తులో కాషాయం బయటి వలయం కావాలి, మధ్యలో ఆకుపచ్చ. కిట్‌లో అది తిరగేసి అచ్చువేశారు! అది ముందు పట్టుకున్నది మా అమ్మాయే. టేపుతో నిలబెట్టి చూస్తే విమానం తోకమీద కూలబడింది. ముక్కులో బరువు పెట్టమని కాగితంలో ఎక్కడా లేదు. రెండు ఇనుప నట్లు పెట్టాక మూడు చక్రాల మీదా నిలిచింది.

మరి ఆ పిల్ల సంగతి?

రెక్క ఆరుతుంటే నాకే అనిపించింది. బొమ్మని ఇంత ఓపిగ్గా కొలిచినదాన్ని, కూతురి ఆశని ఒక్కసారైనా కొలిచానా? ‘‘అసలు ఏం కావాలే అందులో చేరాలంటే?’’ అని మొదటిసారి అడిగా.

నోటుపుస్తకం చివరి పేజీ చూపించింది. ఇంటర్ ఎంపీసీ. ఏడాదికి రెండుసార్లు యూపీఎస్సీ పెట్టే ఎన్డీఏ పరీక్ష. 2021లో సుప్రీంకోర్టు ఆడపిల్లలకీ ఆ తలుపు తెరిపించింది. 2022లో చేరిన తొలి బ్యాచ్‌లో 17 మంది అమ్మాయిలు 2025 మేలో శిక్షణ ముగించి బయటికొచ్చారు. అంతకు ముందే, 2016 జూన్ 18న, మన దుండిగల్ అకాడమీలోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నిలిచారు.

లెక్కల్లో మా పిల్ల దిట్టే. ఇంగ్లీషులో మాత్రం ఆ వంగిన రెక్కలాంటిదే! సరిచేయడానికి ఇంకా మూడేళ్లుంది. వస్తుందో రాదో చెప్పలేను. కానీ ‘పిచ్చి’ అనడం మానేశాను.

ఇప్పుడా విమానం మా టీవీ పక్కన ఉంది. కుడి చక్రం కాస్త పొట్టి. ఇంటికొచ్చిన పిల్లలు చెయ్యి వేయబోతే మా అత్తమ్మే కసురుతుంది, ‘‘ముట్టుకోకుండ్రి, మా మనవరాలు చేసింది!’’

మీరూ కొనాలనుకుంటే...

* ఇది ఆటబొమ్మ కాదు. చిన్నపిల్లలకి ఇవ్వకండి. పెద్దపిల్లలైనా మీరు పక్కనుండాలి.
* ముక్కలు ముందుగా గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. లేదంటే రంగు పట్టదు.
* రెజిన్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు కట్టుకుని, గరుకుకాగితం నీళ్లలో తడిపి ఆరుబయట రుద్దాలి. వంటింట్లో అసలే వద్దు.
* ప్లాస్టిక్ కిట్ల జిగురు దీనికి అంటుకోదు. సూపర్ గ్లూ కావాలి. వేళ్లు జాగ్రత్త!
* మొదటిసారైతే చవకైన ప్లాస్టిక్ కిట్‌తో మొదలుపెట్టడమే మేలు.