నడుముకు నప్పే కుర్చీ

చాప పరచుకొని చదువుకోవడం, పీట మీద కూర్చొని భోంచేయడం మన పెద్దలకు అలవాటు. వారి దినచర్యలో కుర్చీకి ఉన్న స్థానం స్వల్పం. వృత్తిరీత్యా సింగపూరు చేరిన మన కుటుంబాలలో మాత్రం పెద్దలు కంప్యూటరు ముందు, పిల్లలు పాఠ్యపుస్తకాల ముందు దినంలో అధికభాగం కుర్చీలోనే గడుపుతున్నారు. కోవిడ్ నివారణకై 2020 ఏప్రిల్ 7 నుండి జూన్ 1 వరకు ఇక్కడ అమలైన 'సర్క్యూట్ బ్రేకర్' కాలంలో భోజనాల బల్లయే కార్యాలయమూ, పాఠశాలా అయింది. ఇంటి నుండి పనిచేసే పద్ధతి ఆ తరువాత కూడా అనేక సంస్థలలో కొంతమేరకు నిలిచిపోయింది. అరగంట భోజనానికి ఉద్దేశించిన కుర్చీ ఎనిమిది గంటల కొలువుకు పనికిరాదు. అలాగని వేయి డాలర్లు వెచ్చించి కుర్చీ కొనగల స్తోమత అందరికీ ఉండదు. తక్కువ ఖర్చుతో నడుమును కాపాడుకొనే మార్గం లేకపోలేదు. అందుకు ముందుగా కావలసినది కొలత టేపు.

కూర్చున్నప్పుడు ఏమవుతుంది?

నిలబడినప్పుడు నడుము వద్ద వెన్నెముక లోపలికి వంపు తిరిగి ఉంటుంది. కూర్చోగానే తొడల వెనుక కండరాలు లాగడం వల్ల కటి ఎముకలు వెనుకకు ఒరిగి, ఆ వంపు చదునవుతుంది. 1953లో అమెరికా వైద్యుడు జె. జె. కీగన్ ఎక్స్‌రే చిత్రాల సాయంతో దీనిని నిరూపించాడు. వెన్నుపూసల నడుమ మెత్తలవలె ఉండే డిస్కులలోని ఒత్తిడిని 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ సూది ద్వారా కొలిచాడు. వీపుకు ఆధారం లేకుండా కూర్చున్నప్పుడు, నిలబడినప్పటికంటే ఒత్తిడి సుమారు 40 శాతం అధికమని ఆయన పరిశోధనలలో తేలింది. 1999లో జర్మనీలో విల్కె బృందం ప్రచురించిన కొలతలలో ఇంతటి తేడా కనిపించలేదు. అయితే ముందుకు వంగి కూర్చుంటే ఒత్తిడి పెరుగుతుందనీ, వీపు ఆనించి కాస్త వెనుకకు వాలితే తగ్గుతుందనీ ఉభయ పరిశోధనలూ తెలుపుతున్నాయి. కనుక కుర్చీకి ప్రాణం దాని వీపు పలక. నడుము వంపును అది తాకకపోతే తక్కిన హంగులన్నీ వృథా.

మూడు కొలతలు

చెప్పులు లేకుండా కుర్చీలో కూర్చొని ఈ మూడింటినీ కొలుచుకోవాలి. ఒకటి, నేల నుండి మోకాలి వెనుక మడత వరకు గల ఎత్తు. రెండు, కూర్చున్న చోటు నుండి మడిచిన మోచేతి వరకు గల ఎత్తు. మూడు, పిరుదుల వెనుక నుండి మోకాలి మడత వరకు గల పొడవు.

ఉదాహరణకు ఒక గృహిణికి మొదటి కొలత 39 సెంటీమీటర్లు, రెండవది 22 సెంటీమీటర్లు అనుకుందాం. ఆమె బల్ల ఎత్తు 73 సెంటీమీటర్లు. మోచేయి బల్ల మట్టానికి రావాలంటే కూర్చునే పలక 51 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. అప్పుడు పాదాలు నేలకు 12 సెంటీమీటర్ల ఎత్తున వేలాడుతాయి. పలక అంచు తొడల కింద ఒత్తుకొని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కుర్చీని దించితే భుజాలు ఎత్తి టైపు చేయవలసి వస్తుంది. మెడ నొప్పి మొదలవుతుంది. పాశ్చాత్య కొలతలలో సాధారణంగా బూటు మడమ ఎత్తును కూడా కలుపుతారు. మన ఇళ్లలో పాదరక్షలు గుమ్మం బయటనే ఉంటాయి కనుక లోటు మరికొంత పెరుగుతుంది. ఇందుకు పరిష్కారం ఖరీదైన కుర్చీ కాదు. పాదాల కింద 12 సెంటీమీటర్ల పీట!

పలక లోతు విషయానికి వస్తే, వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నప్పుడు పలక అంచుకూ మోకాలి మడతకూ నడుమ రెండు మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే పొట్టివారు ముందుకు జరిగి కూర్చుంటారు. వీపు పలక ఉన్నా లేనట్లే. 1994లో హెర్మన్ మిల్లర్ సంస్థ విడుదల చేసిన సుప్రసిద్ధమైన ఏరాన్ కుర్చీని సైతం మూడు పరిమాణాలలో తయారుచేశారు. ఒకే కుర్చీ అందరికీ సరిపోదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

పొదుపు ఎక్కడ, ఖర్చు ఎక్కడ?

ఎత్తు మార్చే సదుపాయం, వెనుకకు వాలే వీపు పలక, ఐదు కాళ్ల పీఠం, వీటికి డబ్బు వెచ్చించాలి. తల ఆనించే దిండు, పందెపు కార్లను తలపించే ఆకారం లేకున్నా నష్టం లేదు. సింగపూరు వాతావరణంలో మరొక సంగతి గమనార్హం. తోలును పోలిన పాలియురెథేన్ పూత గాలిలోని తేమకు క్రమంగా విచ్ఛిన్నమై పొరలుగా రాలిపోతుంది. వలవంటి అల్లిక గాని, నేత గుడ్డ గాని ఇక్కడ మన్నికైనవి. చెమట కూడా పట్టనివ్వవు. టైల్స్ నేలకు మెత్తని రబ్బరు పూత గల చక్రాలు మేలు.

కార్యాలయాలు మార్చినప్పుడు సంస్థలు అమ్మివేసే నాణ్యమైన కుర్చీలు కారోసెల్ వంటి వేదికలలో తక్కువ ధరకు లభిస్తుంటాయి. కొనే ముందు పది నిమిషాలు కూర్చొని చూడాలి. ఆలోగా కుర్చీ దానంతటదే దిగిపోతే గ్యాస్ సిలిండర్ పాడైనట్లు. మెత్తను బొటనవేలితో నొక్కితే అడుగు చెక్క తగిలితే ఫోమ్ అరిగిపోయినట్లు. చేతులు ఆనించే భాగాలు బల్ల కిందికి దూరుతాయో లేదో కూడా ఇంటి కొలతలతో సరిచూసుకోవాలి.

కొత్త కుర్చీ కొనడం వీలుకానివారు తువ్వాలును గట్టిగా చుట్టి నడుము వంపు వద్ద ఉంచుకొంటే చాలావరకు ఉపశమనం లభిస్తుంది.

పిల్లల మాట

పి.ఎస్.ఎల్.ఇ. పరీక్షకు చదివే పిల్లలు గంటల తరబడి పెద్దల కుర్చీలోనే కూర్చుంటారు. ఎదిగే వయసులో ఏటేటా కొత్త కుర్చీ కొనలేము. పాదాల కింద పీట, వీపు వెనుక గట్టి దిండు అమర్చి, ఎత్తు పెరిగేకొద్దీ వాటిని తగ్గిస్తూ రావడమే తగిన ఉపాయం. ప్రతి పుట్టినరోజునాడు మూడు కొలతలూ మళ్లీ తీసుకుంటే సరిపోతుంది.

ఎంతటి కుర్చీ అయినా కదలికకు ప్రత్యామ్నాయం కాజాలదు. డిస్కులకు సొంత రక్తనాళాలు చాలా తక్కువ. వాటికి పోషణ అధికభాగం పరిసర కణజాలం నుండి ఊరి చేరవలసిందే. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం పైసా ఖర్చులేని చికిత్స. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి వీడకున్నా కుర్చీ మార్చుతూ కాలయాపన చేయక వైద్యుని సంప్రదించాలి. తక్కిన వారందరూ ఈ ఆదివారం కొలత టేపు తీసి ఇంటిల్లిపాదినీ కొలిచి చూడండి. దుకాణానికి వెళ్లవలసిన అవసరం ఉన్నదో లేదో ఆ అంకెలే చెబుతాయి.