వార్తల్లో పదం: సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్

పిప్పి పళ్లకు డ్రిల్లింగు, మత్తు ఇంజెక్షను లేకుండా చేసే చికిత్సగా దంతవైద్య పరిశోధనల్లో తరచూ వినిపిస్తున్న సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్, వెండి, ఫ్లోరైడ్‌లతో పాటు వెండిని కరిగి ఉండేలా చేసే అమ్మోనియా కలిసిన ద్రావణం. సాధారణంగా 38 శాతం గాఢతతో దొరికే ఈ మందును, పంటిని ఆరబెట్టి, చిన్న బ్రష్షుతో పుచ్చుపై అద్దినప్పుడు, వెండి అక్కడి బ్యాక్టీరియాను చంపగా, ఫ్లోరైడ్ మెత్తబడిన పంటి పొరను తిరిగి గట్టిపరుస్తుంది. గుంట మాత్రం పూడదు. జపాన్‌లో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నా, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో దీనిని పళ్లు జివ్వుమనడాన్ని తగ్గించే సాధనంగానే అనుమతించింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

మందు తాకిన పుచ్చు నల్లబడి, ఆ నలుపు అలాగే ఉండిపోవడం దీని ప్రధాన లోపం. రేపో మాపో ఊడిపోయే పాలపళ్ల విషయంలో తల్లిదండ్రులు సర్దుకున్నా, నవ్వితే కనిపించే ముందుపళ్లకు ఒప్పుకోవడం కష్టమే. పరిశోధకులకూ ఆ నలుపే చిక్కు తెచ్చింది: ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు వేశారో పరీక్షించే వైద్యుడికి తెలియనివ్వని ‘బ్లైండింగ్’ పద్ధతి, పంటిని చూడగానే గుట్టు బయటపడే ఇలాంటి చోట పూర్తిగా సాధ్యం కాదు కనుక, ఫలితాల్లో పరిశీలకుడి మొగ్గు ఎంతో కొంత చొరబడే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. వెండి పడనివారికి, పుచ్చు నరం దాకా చేరిన పంటికి ఇది పనికిరాదు.