తక్కువ పోస్తే సేఫ్ కాదు!

నల్లమందు అనగానే మనకి గుర్తొచ్చేది అభిని. ఇక్కడ చెప్పబోయేది బ్లాక్ పౌడర్ గురించి. అంటే సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాతకాలపు తుపాకీమందు.

1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ ఈ మందు కోసమే తయారైంది. అమెరికాలో ఇలాంటి పాత రివాల్వర్లకి తూటాలు ఇంట్లోనే మళ్లీ నింపుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేలిన ఇత్తడి కేసులోంచి పాత ప్రైమర్ తీసి, కొత్తది పెట్టి, మందు పోసి, మెత్తటి సీసపు గుండు బిగిస్తారు. వినడానికి ఇంతే! కానీ కొత్తవాళ్లు రెండుచోట్ల దెబ్బతింటారు.

ఒకటి, 'కొంచెం తక్కువ పోద్దాం, సేఫ్‌గా ఉంటుంది' అనుకోవడం. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంటే ఒత్తిడి అదుపు తప్పి గొట్టం ఉబ్బిపోవచ్చు. అందుకే గుండు మందుని కాస్త అదిమేలా కేసు నింపుతారు.

రెండు, పొగరాని మందు వాడటం. 1884లో పాల్ వియే తయారుచేసిన ఈ రకం మందుకి శక్తి చాలా ఎక్కువ. అదే కొలతలో పోస్తే పాత సిలిండర్ పగిలిపోతుంది, చేతివేళ్లూ పోతాయి.

పేల్చాక కూడా పని ఉంది. కాలిన బ్లాక్ పౌడర్‌లో సగానికి పైగా మసిగా, లవణాలుగా మిగులుతుంది. అది తేమని పీల్చి ఇనుముని తినేస్తుంది. అందుకే అదేరోజు వేడి సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ, తూటాలు దగ్గరుంచుకోవడం నేరం. కాబట్టి మనం థియరీతోనే సరిపెట్టుకుందాం!