టైటానియపు దంతమూలము

ఊడిన పంటికి బదులుగా కట్టుడు పన్ను పెట్టుకొనుట చిరకాలమునుండి కలదు. కాని యట్టి పన్ను చిగుళ్లపై ఆనియుండునే గాని, సహజమైన పంటివలె ఎముకలో నాటుకొని యుండదు. అందుచే గట్టి పదార్థములను నములుట కష్టమగును.

1950వ దశకమున స్వీడన్ దేశమునందు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అను వైద్యశాస్త్రజ్ఞుడు, కుందేళ్ల యెముకలలో రక్తప్రసరణమును పరీక్షించుటకై టైటానియము అను లోహముతో చేసిన చిన్న పరికరమును అమర్చెను. పరీక్ష ముగిసిన పిదప తీయబోగా నది యూడి రాలేదు. ఎముక దానిని గట్టిగా నంటుకొని పెరిగియుండెను. ఈ విషయమే ఆధారముగా 1965లో ఆయన, దంతములు లేని యొక రోగి క్రింది దవడలో టైటానియపు మరమేకులను నాటి, వానిపై పండ్లను నిలిపెను.

ఇట్టి మరమేకు సుమారు 4 మిల్లీమీటర్ల లావును, 10 మిల్లీమీటర్ల పొడవును గలది. దీనిని లేతు యంత్రముపై టైటానియపు కడ్డీనుండి చెక్కుదురు. ఈ లోహము వేడిని త్వరగా ప్రసరింపనీయదు. కావున కోతలో పుట్టిన వేడి యంతయు ఉలి మొనయొద్దనే నిలిచి, దానిని మొద్దుబార్చును. అందువలన కడ్డీని మితమైన వేగముతో త్రిప్పుచు, చల్లార్చు ద్రవమును ధారగా పోయుచుందురు.

సన్నని కడ్డీ ఉలి తాకిడికి వంగవచ్చును. దీనికి స్విట్జర్లాండు గడియారపు పనివారు 19వ శతాబ్దిలోనే ఉపాయము కనుగొనిరి. వారి లేతులో కడ్డీ యొక బిగువైన గొట్టముగుండా ముందుకు జరుగును. ఉలి యా గొట్టపు మూతియొద్దనే కోయును. ఆధారము చేరువనే యుండుటచే కడ్డీ వంగదు. నేడు ఇట్టి లేతులను కంప్యూటర్లు నడుపుచున్నవి.

మరమేకు నడుమ సన్నని రంధ్రము చేసి, దాని లోపలను మరలు కోయుదురు. పంటిని మోయు పైభాగము అందులో బిగియవలెను. మనుష్యుని వెండ్రుక లావు సుమారు 70 మైక్రానులు. ఇచట కొలది మైక్రానుల తేడాయే దోషము. ఏలయన, అనేక సూక్ష్మజీవులు ఒకటి రెండు మైక్రానుల పరిమాణమే గలవి. సందు మిగిలినచో నవి యందు చేరి చిగుళ్లను వాచజేయును. బిగువు చాలనిచో, నమలునపుడు భాగములు కదలి వదులగును.

వేడి వైద్యునకును శత్రువే. దవడను తొలుచునపుడు 47 డిగ్రీల సెంటిగ్రేడు వేడి యొక నిమిషము సోకినను ఎముక దెబ్బతినును. అట్టి యెముక మరమేకును పట్టుకొనజాలదు. కావున నతడును శుద్ధమైన ఉప్పునీటిని చల్లుచు మెల్లగా తొలుచును. పనివాడు గాని, వైద్యుడు గాని తొందరపడినచో నష్టపోవువాడు రోగియే. ఇరువురును ఓర్పు వహించినచో ఫలమెట్టిదో తొలి రోగియే నిదర్శనము. 1965లో నాటిన ఆ మరమేకులు, అతడు 2006లో మరణించువరకు దవడయందే నిలిచి పండ్లను మోసినవి.