గ్రామాధికారులు - ప్రజాగ్రహము

హైదరాబాదు నగరమున అమీరుపేట, పంజగుట్ట ప్రాంతములు నేడు దుకాణములతోను, మెట్రో రైళ్లతోను కిటకిటలాడుచున్నవి. ‘అమీరు’ అనగా ప్రభువు. నిజాము పాలనలో ఇట్టి ప్రభువులకు జాగీరులుండెడివి. అయితే నిజాముగాని, జాగీర్దారుగాని పల్లెవానికి కనబడుట అరుదు. వానికి ప్రభుత్వమనగా పటేలు, పట్వారీలే.

మాలీపటేలు శిస్తు వసూలు చేయును. పోలీసుపటేలు శాంతిభద్రతలు చూచును. పట్వారీ భూముల లెక్కలు వ్రాయును. ఈ పదవులు తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడివి. ఆ లెక్కలలో నేమున్నదో చదువురాని రైతునకు తెలియదు. కలముపోటుతో ఒకని పొలము మరియొకని పేరికి మారుటయు కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున లెవీ ధాన్యపు వసూలు ఈ బాధను ఇనుమడింపజేసెను.

1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున దేశముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలియయ్యెను. తెలంగాణమున పోరాటము రగుల్కొనెను. అనేక గ్రామములలో ప్రజలు లెక్కల పుస్తకములను తగులబెట్టిరి. పటేళ్లు, పట్వారీలు పలువురు పట్టణములకు పారిపోయిరి. కొందరు ప్రాణములే కోల్పోయిరి. మరియొకవంక రజాకార్లు పల్లెలపైబడి ప్రజలను హింసించిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను.

అమెరికాలోను ఇట్టి కాలమొకటి కలదు. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము తొలగెను. 1877 వరకు సాగిన పునర్నిర్మాణకాలమున నల్లజాతివారు ఓటుహక్కు పొంది స్థానికపదవులలో ప్రవేశించిరి. దీనిని సహింపనివారు వారిపైనను, వారికి తోడ్పడిన తెల్లజాతి అధికారులపైనను దాడులు సలిపిరి. 1874లో లూసియానాలోని కౌషట్టాయందు కొందరు అధికారులచే బలవంతముగా రాజీనామా చేయించి, వారు ఊరు విడిచి పోవుచుండగా దారిలో చంపివేసిరి.

ఈ రెంటికిని భేదమున్నది. తెలంగాణమున పట్వారీపై కోపమునకు మూలము అతడు మోసిన పాత అన్యాయము. అమెరికాలో అధికారిపై ద్వేషమునకు మూలము అతడు తెచ్చిన క్రొత్త న్యాయము. కావున జనులు ద్వేషించినంతమాత్రమున అధికారి చెడ్డవాడని తలపరాదు. చెడ్డవాడైనను అతనిని చంపుట న్యాయము కాదు. మంటలలో కాలిన పుస్తకములలో పేదవాని హక్కును చాటు పుటయు నుండవచ్చును గదా!

1984లో వంశపారంపర్య గ్రామాధికార పదవులు ఆంధ్రప్రదేశమున రద్దయ్యెను. అయినను ఆపద తొలగలేదు. 2019 నవంబరు 4వ తేదీన హైదరాబాదు చేరువనున్న అబ్దుల్లాపూర్‌మెట్టులో ఒక మహిళా తహశీల్దారు తన కార్యాలయములోనే నిప్పునకు ఆహుతియయ్యెను. మరుసటి సంవత్సరము తెలంగాణ ప్రభుత్వము గ్రామ రెవెన్యూ అధికారి పదవిని రద్దుచేసెను.

పదవులు మారినంతనే వైరము మాయదు. లెక్కలు అందరికిని తెలియునట్లుండవలెను. తప్పుచేసిన అధికారికి న్యాయస్థానము శిక్ష విధింపవలెను. ధర్మము తప్పని అధికారికి ప్రభుత్వము రక్షణ కల్పింపవలెను. తన భూమి కాగితమును తానే చదువుకొనగల రైతు మోసపోడు, నిప్పుపుల్లను వెదకికొనడు.